గదవ పట్టీ

పెద్ద బండి నడిపే మనిషిని తెచ్చి బెంచీ మీద కూర్చోబెడితే ఎలా ఉంటాడో తెలియాలంటే, ఆ నెలలో మొయినాబాద్ దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీ బస్సుల షెడ్డుకు వెళ్లి సాముయేలును చూస్తే సరిపోయేది. పందొమ్మిదేళ్లు స్టీరింగు పట్టిన చేతులు అతనివి. ఆ చేతులకు ఒక పెన్ను ఇచ్చి, ఏ బస్సు ఎన్నింటికి గేటు దాటిందో రాసి పెట్టమన్నారు. పొద్దున ఎనిమిదీ నలభైకి తన నాలుగో నంబరు బస్సు గేటులోకి తిరగగానే సాముయేలు తల వంచేసేవాడు. దాన్ని నడుపుతున్న కొత్త డ్రైవరు గేరు మార్చే తీరు వింటే పళ్లు జివ్వుమనేవి. ఆ బండికి నోరుంటే తన పేరు పెట్టి పిలిచి ఏడ్చేదని అతని నమ్మకం.

తప్పు ఎవరిదంటే నిద్రదే అనుకోవాలి. ఆగస్టులో ఒక పొద్దున, చేవెళ్ల నుంచి నలభై రెండు మంది పిల్లలతో వస్తూ, కనకమామిడి దాటాక సాముయేలు కళ్లు మూతపడ్డాయి. రెండు సెకన్లో, మూడు సెకన్లో. బస్సు తారు దిగి మట్టిలోకి పోయింది. వెనక ఆడపిల్లలు పెట్టిన కేకకు ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు. ఆగిన చోటికీ కల్వర్టు గోడకూ మధ్య నాలుగడుగులు మిగిలాయి. పిల్లల్లో ఎవరికీ గీత కూడా పడలేదు. సాముయేలు మాత్రం దిగి, టైరు పక్కన కూలబడి, పొద్దున తిన్నదంతా కక్కుకున్నాడు.

తాగి నడిపాడన్నారు కొందరు. చర్చిలో ప్రభువు బల్ల నాడు ఇచ్చే గుక్కెడు ద్రాక్షరసం తప్ప జన్మలో ఇంకోటి ముట్టని మనిషిని పట్టుకుని ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో వాళ్లకే తెలియాలి. కాలేజీ వాళ్లు మాత్రం పట్నంలో పరీక్ష చేయించారు. ఒంటి నిండా వైర్లు అతికించి ఒక రాత్రి పడుకోబెట్టి చూస్తే, నిద్రలో గంటకు యాభై రెండుసార్లు ఊపిరి ఆగుతోందని తేలింది. రాత్రంతా పడుకుంటున్నాడు గానీ నిద్రపోవడం లేదని డాక్టరమ్మ చెప్పింది. సీపాప్ మెషిన్ రాసిచ్చింది. పక్కలో చిన్న పెట్టె, దానికి గొట్టం, గొట్టం చివర ముక్కుకు మాస్కు. రాత్రంతా గాలి ఊదుతూ గొంతు మూసుకుపోకుండా కాస్తుంది. ముక్కూ నోరూ కలిపి కప్పే పెద్ద మాస్కు కూడా ఉంటుందట. అది తగిలించిన ఐదు నిమిషాలకే బావిలో ముంచినట్టు గింజుకుని లాగి అవతల పారేశాడు. అందుకని ముక్కు మాస్కే గతి అయింది.

బస్సుల ఇన్‌ఛార్జి శశిధర్ చెడ్డవాడేం కాదు. వయసులో చిన్నవాడు, సాముయేలును అన్నా అనే పిలుస్తాడు. గడువు మాత్రం కచ్చితంగా పెట్టాడు. సెప్టెంబరు ముప్పై లోపల, వరుసగా ఐదు రాత్రులు తెల్లారేదాకా మెషిన్ సరిగ్గా పనిచేసినట్టు అందులోని మెమరీ కార్డు చూపించాలి. అలా చూపిస్తే, ఇతను బండి నడపవచ్చు అని డాక్టరమ్మ కాగితం రాస్తుంది. కాగితం తెస్తే తాళం చెవి ఇస్తారు. తేకపోతే గేటు దగ్గర వాచ్‌మన్ ఉద్యోగం, ఇంకెప్పటికీ స్టీరింగు ముట్టేది లేదు. సాముయేలు ఎదురు చెప్పలేదు. ఎలా చెబుతాడు? కళ్లు మూస్తే ఆ కల్వర్టు గోడే కనిపించేది అతనికి.

మెషిన్ పని మెషిన్ చేసింది. పాడు నోరే మాట వినలేదు. నిద్ర పట్టగానే దవడ జారి నోరు తెరుచుకునేది. ముక్కులోంచి పోయిన గాలి పోయినట్టే నోట్లోంచి బయటికి వచ్చేది. గురక మళ్లీ మొదలు, ఊపిరి ఆగడం మళ్లీ మొదలు. మెషిన్ కిరాయికిచ్చిన అభిలాష్ అనే అబ్బాయికి మొయినాబాద్‌లో మందుల దుకాణం పక్కన ఒక గది ఉంది. అతను కార్డును కంప్యూటర్లో పెట్టి చూసి, గదవ పట్టీ పెట్టుకుంటే తప్ప లాభం లేదన్నాడు. గదవ కింద నుంచి తల మీదికి కట్టి, నోరు మూసి ఉంచే పట్టీ.

ఇక ఆ పట్టీల వేట చెప్పాలంటే అదో రామాయణం. మొదటిది నల్లటి వెడల్పు పట్టీ. నడినెత్తి మీద అతికించాలి. సాముయేలుది అసలే బట్టతల. గంట తిరక్కముందే అది జారి మెడలో దండలా పడింది. రెండోది ఆన్‌లైన్లో తెప్పించారు. చెవులు దూర్చడానికి చిల్లులున్నాయి. నడిరాత్రికే చెవుల వెనక తోలు లేచి తీసేయాల్సి వచ్చింది, నీళ్లు తగిలితే మంట. మూడోది భార్య ఎస్తేర్ చేవెళ్లలో టైలరుతో కుట్టించిన ఎలాస్టిక్ పట్టీ. అది ఉంచుకున్న రెండు గంటల్లోనే పళ్లు పళ్లకు ఎంత గట్టిగా బిగించిందంటే, పొద్దున ఇడ్లీ నమలడానికి కూడా తల ప్రాణం తోకకొచ్చింది. నాలుగోది అభిలాషే వెతికి తెప్పించాడు. లోపల మెత్తటి గుడ్డ, గదవ ఆనడానికి చిన్న గిన్నెలాంటి కుదురు. అదీ నొక్కేది గానీ, పళ్లు బిగబట్టి ఓర్చుకోవచ్చు. అంతకంటే మంచిది దొరకదని తేలిపోయాక, ఓర్చుకోవడమే మందు అనుకున్నాడు సాముయేలు.

అప్పటికి పద్దెనిమిదో తారీఖు. నాలుగో పట్టీ పెట్టుకుని పడుకున్న మొదటి రాత్రి హాయిగా నిద్ర పట్టింది. తెల్లారి లేచి చూస్తే పట్టీ తల మీద లేదు. నిద్రలో తనే లాగేసి ఉంటాడు అనుకున్నాడు. రెండో రోజూ లేదు. మూడో రోజూ లేదు. నోరు ఎండి కట్టెలా ఉండేది, కళ్లు మంటలు. కార్డులో ఒక్క రాత్రి కూడా పనికి రాలేదు.

సాముయేలుకు తన చేతులంటేనే భయం పట్టుకుంది. నిద్రలో స్టీరింగు వదిలిన చేతులే కదా ఇవి. షెడ్డులో బెంచీ మీద కూర్చుని వాటిని చూసుకుంటుంటే, పరాయి మనిషి చేతులు తెచ్చి తనకు అతికించినట్టుండేది. ఇరవై రెండో తారీఖు రాత్రి ఆ చేతులను మంచానికి కట్టెయ్యమని ఎస్తేర్‌ను అడిగాడు.

ఎస్తేర్ ససేమిరా అంది. ఇదేం బుద్ధి అంది. బతిమాలగా బతిమాలగా కూతురి పాత చున్నీ తెచ్చి రెండు ముక్కలు చేసింది. కూతురు శంకర్‌పల్లిలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది కాబట్టి ఇదంతా చూసే ఖర్మ ఆ పిల్లకు తప్పింది. ఎస్తేర్ తెలివైన మనిషి. రాత్రి ఊపిరాడకపోతే మాస్కు తీసెయ్యాలి కదా అని, చెయ్యి ముక్కు దాకా అందేలా, నడినెత్తి దాకా అందకుండా కొలిచి మరీ కట్టింది. కడుతున్నంతసేపూ కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

తెల్లారి సాముయేలు లేచేసరికి చేతులు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. పట్టీ మాత్రం తల మీద లేదు. నాలుగు మడతలు పెట్టి, కిటికీ గూట్లో పద్ధతిగా పెట్టి ఉంది.

కాసేపు అలాగే పడుకుని ఆ మడతలను చూశాడు. నిద్రలో ఉన్నవాడు బట్టలు మడత పెట్టడు. ఇంట్లో ఉన్నది ముగ్గురు. ముందు గదిలో తల్లి మారెమ్మ పడుకుంటుంది. ఆమెకు బీపీ అని బస్సు సంగతి అసలు చెప్పనే లేదు. ఆఫీసు పనికి మార్చారని, మెషిన్ జలుబుకని చెప్పి ఊరుకున్నారు. ఇక మిగిలింది పక్కనే పడుకునే ఎస్తేర్. కోపం వచ్చినప్పుడు మనిషికి దగ్గరి మనిషే ముందు దొరుకుతుంది కదా. ఆమె చేతుల కట్లు విప్పుతుండగానే అనేశాడు.

"నా పట్టీ నువ్వే తీస్తున్నవ్. గేటు కాడ కూసుంటె ఇంటిపట్టున పడి ఉంటడని తీస్తున్నవా?"

ఎస్తేర్ చేతిలో చున్నీ ముక్క అలాగే ఉండిపోయింది. ఆమె మొయినాబాద్ దగ్గర గులాబీ తోటల షెడ్లలో పూలు కోసే పనికి పోతుంది. ముళ్లు గీరిన చేతులతో ఆ ముక్కను మెల్లగా చుట్టి మంచం మీద పెట్టింది.

"నీ బస్సుల మా చెల్లె బిడ్డ గూడ ఎక్కుతది" అంది. "నేను తీస్తనా?"

అంతే. సద్దిడబ్బా కూడా తీసుకోకుండా పనికి వెళ్లిపోయింది. నోరు జారాక వెనక్కి తీసుకోవడం ఎవరి తరం? సాముయేలు ఆమె వెనకే వాకిలి దాకా వెళ్లి నిలబడ్డాడు గానీ పిలవలేకపోయాడు.

ఆ మధ్యాహ్నం కార్డు పట్టుకుని అభిలాష్ గదికి వెళ్లాడు. అభిలాష్ ఐదు రాత్రుల గీతలు ఒకదాని కింద ఒకటి పెట్టి చూపించాడు. ఐదూ ఒకేలా ఉన్నాయి. నున్నగా సాగి, సాగి, ఒక చోట నిటారుగా లేచాయి. గాలి కారడం అక్కడే మొదలు.

"నిద్రల లాగేసుకునేటోడు రోజుకో టైముకు లాగుతడు అన్నా" అన్నాడు అభిలాష్. "ఇది చూడు, రోజూ నాలుగుంబావుకే. గడియారం చూసి తీసినట్టున్నది."

నాలుగుంబావు. సాముయేలు ఇంటి గదులు రైలు పెట్టెల్లా వరుసగా ఉంటాయి. ముందు గది, నడిమి గది, వంటగది, పెరడు. ముందు గదిలోంచి పెరట్లోకి పోవాలంటే నడిమి గదిలో సాముయేలు మంచం పక్క నుంచే పోవాలి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పెరట్లో మొహం కడుక్కుని, ప్రార్థనకు కూర్చునే మనిషి ఆ ఇంట్లో ఒక్కరే ఉన్నారు.

షెడ్డుకు తిరిగి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు గానీ లోపల అగ్గి మీద గుగ్గిలం వేసినట్టే ఉంది. కన్నతల్లి! కొడుకు ఎందుకు కట్టుకున్నాడో అడగదా? ముసలితనం వస్తే మాత్రం ఇంత మొండితనమా? మెషిన్లంటే ఆమెకు గిట్టదని తెలుసు. ఫ్రిజ్జులో నీళ్లు తాగదు, మిక్సీలో కారం పట్టనివ్వదు. ఇప్పుడు ఆ చాదస్తం తన తిండి మీదికి, తన బండి మీదికి వచ్చిందన్నమాట. సాయంత్రం శశిధర్ వచ్చి పక్కన నిలబడి, ఇంకో వారమే ఉంది, షాబాద్ నుంచి ఒక డ్రైవరు పర్మినెంటుగా వస్తానని అడుగుతున్నాడు, తన చేతుల్లో లేదని మెల్లగా చెప్పి పోయాడు. సాముయేలు ఆ రోజు రిజిస్టరులో రెండు బస్సుల టైములు తప్పు రాశాడు.

ఆ రాత్రి ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఎస్తేర్ మాట్లాడటం లేదు, అటు తిరిగి పడుకుంది. సాముయేలు మాస్కు తగిలించుకున్నాడు, పట్టీ బిగించాడు, చేతులు కట్టుకోలేదు. మూడున్నరకు ఫోను దిండు కింద వణికేలా పెట్టుకున్నాడు. లేచాక కళ్లు మూసుకుని, కదలకుండా, ఆ చెయ్యి పట్టుకున్నాక ఏమేం అనాలో వరస పెట్టుకుంటూ పడుకున్నాడు. ఒక్కో మాటా నూరి నూరి పదును పెట్టాడు.

నాలుగు దాటాక ముందు గది తలుపు కిర్రుమంది. మోకాళ్లు పటపటమన్నాయి. అడుగులు మంచం దాకా వచ్చి ఆగాయి. జండూబామ్ వాసన ముందు వచ్చింది, తర్వాత వేళ్లు వచ్చాయి. పట్టీ అతుకు ఊడేటప్పుడు పర్రుమని చప్పుడు చేస్తుంది. ఆ వేళ్లు చప్పుడు కాకుండా, కొసన మొదలుపెట్టి గింజంత గింజంత ఊడదీశాయి. తల కదలకుండా గదవ కింద నుంచి పట్టీని జారదీశాయి. ఎంత ఒడుపుగా చేశాయంటే, మెలకువగా ఉన్న సాముయేలుకే తెలిసీ తెలియనట్టుంది.

పట్టుకోవాల్సింది అప్పుడే. చెయ్యి లేవలేదు. ఆమె ఏం చేస్తుందో చూద్దాం అనుకున్నాడో, తల్లి చేతిని దొంగ చెయ్యిలా పట్టుకోవడానికి మనసొప్పలేదో గానీ, అలాగే కళ్లు మూసుకుని ఉండిపోయాడు. ఆమె పట్టీ మడత పెట్టి గూట్లో పెట్టింది. పెరట్లోకి పోతుందనుకున్నాడు. పోలేదు. మంచం పక్కన నేల మీద కూర్చుంది.

ప్రార్థన చేస్తోందేమో అనుకుంటే, గొణుగుడు వినిపించలేదు. ఆమె ఊరికే కూర్చుంది. దేనికోసమో చెవి పెట్టుకుని కూర్చుంది. నిమిషం గడిచింది. ఇంకో నిమిషం గడిచింది. మెషిన్ సన్నగా ఊదుతోంది.

"సాముయేలూ" అంది ఆమె, గుసగుసగా.

అతను పలకలేదు. ఆమె అరచెయ్యి నోటి ముందుకు వచ్చింది. ఏం చేయాలో తోచక సాముయేలు ఊపిరి బిగపట్టాడు. అంత పాపిష్టి పని అతను జీవితంలో ఇంకోటి చేయలేదు. కావాలని చేసింది కాదు పాపం. ఆ చెయ్యి కిందికి జారింది. ఛాతీ మీదికి వచ్చి తడిమింది. మళ్లీ నోటి దగ్గరికి పోయింది.

"బిడ్డా, ఓ బిడ్డా, సాముయేలూ" అని ఆమె గొంతు పైకి లేచింది. ఆ గొంతు అతను అంతకుముందు ఒక్కసారే విన్నాడు, పందొమ్మిదేళ్ల వయసులో. దిగ్గున లేచి కూర్చుని మాస్కు పీకేశాడు. ఎస్తేర్ లేచి లైటు వేసింది. మారెమ్మ మంచం పట్టె పట్టుకుని ఆయాసపడుతోంది, మొహంలో నెత్తురు చుక్క లేదు.

నూరి పెట్టుకున్న మాటల్లో ఒక్కటీ మిగల్లేదు. "ఏందవ్వా ఇది?" అని మాత్రం అనగలిగాడు.

"నువ్వు గురక పెట్టలేదు" అంది ఆమె. "రోజు పట్టీ తీయంగనే పెడ్తవ్. వినుకుంట కూసోని, అప్పుడు పోయి మొఖం కడుక్కుంట. ఇయ్యాల పెట్టలే."

సాముయేలుకు ఇంకా కోపం చల్లారలేదు. దాచిందంతా అప్పుడే చెప్పేశాడు. నిద్రలో మూసుకున్న కళ్లు, కల్వర్టు గోడ, నలభై రెండు మంది పిల్లలు, బెంచీ, ముప్పయ్యో తారీఖు. ఆ పట్టీ తెల్లారేదాకా లేకపోతే తనకు ఇక బండి లేదని చెప్పాడు. ఆమె అడ్డు రాకుండా విన్నది.

"మీ నాయన గూడ గిట్లనే గురక పెడ్తుండె. తెల్లారగట్ల ఒకనాడు ఆగింది. పాపం ఇప్పుడు మంచిగ నిద్ర పట్టింది అనుకున్న. లేపలే బిడ్డా. వాకిలి ఊడ్చి వచ్చి చూసిన."

ఒక సంగతి ఇంతవరకు చెప్పలేదు. సాముయేలుకే తట్టలేదు, ఇంక నేనేం చెప్పేది? వాళ్ల కాలనీలో ఎవరు పోయినా మొదటి కబురు మారెమ్మకే వస్తుంది. కళ్లు మూయడం, స్నానం చేయించడం, ఒళ్లు బిగుసుకోకముందే గదవ కింద నుంచి తెల్లగుడ్డ పోనిచ్చి నడినెత్తిన ముడి వేసి నోరు మూయడం ఆమె పని. కూలి లేదు, పిలుపు వస్తే పోవడమే. నలభై ఏళ్లుగా పెద్దలనూ పసివాళ్లనూ అలా సాగనంపింది. మొగుడు స్వామిదాసు గదవా తనే కట్టింది. నలభై ఎనిమిదేళ్లకు పోయాడు ఆయన. సాముయేలుకు ఇప్పుడు నలభై ఆరు.

రోజూ నాలుగింటికి ఆమె నడిమి గదిలోకి వచ్చేసరికి, పక్క సందులోని వీధి దీపం వెలుతురు కిటికీలోంచి పడుతుంటుంది. ఆ వెలుతురులో కొడుకు వెల్లకిలా, గురక లేకుండా, గదవ కట్టి, నోరు మూసి పడుకుని కనిపించేవాడు. ఒక రాత్రయితే చేతులు కూడా కట్టి ఉన్నాయి. మెషిన్ ఊదుతోంది కదా అంటే, అది మనిషి ఉన్నా ఊదుతుంది, లేకున్నా ఊదుతుంది అంది ఆమె. పట్టీ తీసేస్తే గురక వచ్చేది. గురక వస్తే బిడ్డ ఉన్నట్టు.

ఎస్తేర్ మంచం దిగి అత్త పక్కన నేల మీద కూర్చుంది. సాముయేలు ఆమె వైపు చూడలేకపోయాడు. మొగుడి తప్పు మాట ఎస్తేర్ అప్పుడేమీ ఎత్తలేదు. దానికి వేరే లెక్క ఉంది, తర్వాత తీర్చుకుంది, అది వాళ్లిద్దరి సంగతి.

తెల్లారితే ఇరవై నాలుగు. సాముయేలు వేళ్ల మీద లెక్కపెట్టాడు. గడువు ముప్పై దాకా ఉన్నా ఇక ఒక్క రాత్రి కూడా చేజారకూడదు, ఎందుకంటే డాక్టరమ్మ పట్నంలో కూర్చునేది ఇరవై తొమ్మిదినే. అంటే ఇరవై నాలుగు రాత్రి నుంచే ఐదూ రావాలి. మారెమ్మ తనంతట తనే సంచీలో రెండు చీరలు సర్దుకుంది. షాబాద్‌లో చెల్లెలి ఇంట్లో ఆ ఐదు రోజులూ ఉండి వస్తానంది. కళ్ల ముందు లేకపోతే చెయ్యి ఊరుకుంటుంది కదా అంది. సాముయేలు ఆమెను మోటారుసైకిలు మీద బస్టాండులో దించి, మొయినాబాద్‌కు వెళ్లిపోయాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆమె వాకిట్లో కూర్చుని ఉంది. సంచీ విప్పనే లేదు.

"ఆడ ఉన్నా నువ్వు గట్లనే కనబడ్తవ్, ఈడ ఉన్నా గట్లనే కనబడ్తవ్" అంది. "ఆ పట్టీ ఏదో జర తీస్కరా, చూస్త."

తెచ్చి ఇచ్చాడు. ఆమె దాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది, వేలితో సాగదీసి వదిలింది. చూస్తుండగానే ఆమె మొహం మారిపోయింది. భయం పోయి, ఇంకొకరి చేతగాని పని చూసినప్పుడు పనిమంతులకు వచ్చే చిరాకు వచ్చింది. ఎవడు కుట్టాడు దీన్ని అంది. గదవ కొసకు కుదురు పెడితే పట్టీ లాగినకొద్దీ దవడ వెనక్కి పోతుంది, గొంతు మీదికి పోతుంది, వెనక ఎముక కింద ఆనాలి గానీ అంది. మడత గట్టిగా ఉంటే మనిషి మొహం వంకర పోతుంది, చూసిపోవడానికి వచ్చినవాళ్లు భయపడతారు అని కూడా అనేసి, నాలుక కరుచుకుంది.

సంచీలోంచి ఉతికి ఉతికి దూదిలా మెత్తబడ్డ నూలు చీర తీసింది. నాలుగు వేళ్ల వెడల్పున చింపింది. గదవ కింద ఆనే చోట మూడు మడతలు వేసింది. రెండు కొసలనూ మధ్యకు చీల్చి, నాలుగు తోకలు చేసింది. రెండు తోకలు చెవుల ముందు నుంచి నెత్తి మీదికి, రెండు తోకలు చెవుల కింద నుంచి మెడ వెనక్కి. అలాగైతే బట్టతల మీద నుంచి జారదు, చెవులు నలగవు. ఎస్తేర్ అంచులు కుట్టింది. సాముయేలు కట్టి చూసుకుని ఫొటో తీసి అభిలాష్‌కు పంపాడు. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, దగ్గు వస్తే పెదాలు తెరుచుకోవాలి, ఊపిరాడకపోతే ఒక్క లాగుడుకు ఊడి రావాలి అని అతను ఫోన్‌లో చెప్పాడు. మొదటి రెండూ ఉన్నాయి.

ఊడిరావడం సంగతి మారెమ్మ విన్నది.

పడుకునే వేళకు సాముయేలు పట్టీ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వే కట్టు అవ్వా" అన్నాడు. తనే కట్టుకోగలడు. కానీ ఆమె చేత కట్టించుకోకపోతే నాలుగింటికి ఆ చెయ్యి ఆగదని అతనికి తెలుసు.

మారెమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "ఈ చేతులతోని కట్టినోళ్లు ఒక్కరు గూడ లేవలే బిడ్డా."

"నేను లేస్త. ఆరింటికి లేస్త. కూసోని చూడు."

మారెమ్మ చాలాసేపు ఆ గుడ్డను చేతుల్లో పట్టుకుని నిలబడింది. తర్వాత దగ్గరికి వచ్చింది. గదవ కింద గుడ్డ ఆనించి, వేలితో ఎముక వెతుక్కుని, అక్కడ కుదిర్చింది. మెడ వెనక రెండు తోకలు ముడివేసింది. నెత్తి మీది తోకలు పట్టుకున్నప్పుడు మాత్రం చేతులు ఆగిపోయాయి. కన్నీళ్లు సాముయేలు నుదుటి మీద పడ్డాయి. పడితే పడ్డాయని అతను కదలలేదు.

"పోయినోళ్లకు ఊడని ముడి వేస్త" అంది ఆమె. "నీకు లాగితే ఊడే ముడి వేస్తున్న. కొస నీ చెవి పక్కన ఉన్నది. యాదిపెట్టుకో."

మాస్కు తగిలించాక, దాని ముందు సన్నటి చిల్లులు చూపించాడు సాముయేలు. ఊపిరి వదిలినప్పుడు అక్కడ గాలి జోరు పెరుగుతుంది, తీసుకున్నప్పుడు తగ్గుతుంది. ఆమె అరచెయ్యి అక్కడ పట్టి చూసింది. పెరిగింది, తగ్గింది. ఎస్తేర్ కింద చాప వేసి ఇచ్చింది.

ఆ రాత్రి ఆమె పడుకోలేదు. నాలుగింటికి ప్రార్థనకూ లేవలేదు. ఇరవై తొమ్మిదిన అభిలాష్ కార్డు పెట్టి చూస్తే ఐదు గీతలూ నున్నగా, చివరి దాకా వచ్చాయి. డాక్టరమ్మ కాగితం రాసింది. శశిధర్ తాళం చెవిని రెండు చేతులతో ఇచ్చాడు. అక్టోబరు మొదట్లో నాలుగో నంబరు బస్సు కనకమామిడి దాటుతున్నప్పుడు వెనక ఆడపిల్లలు ఏవో పాటలు పాడుకుంటున్నారు, డ్రైవరు వైపు ఎవరూ చూడలేదు. అవన్నీ జరిగాయి. కానీ మారెమ్మను అడిగితే అవేవీ చెప్పదు. ఆమె చెప్పేది ఆ మొదటి పొద్దు సంగతి ఒక్కటే.

ఆరు కొట్టింది. సాముయేలు కళ్లు తెరిచాడు. పక్కన తల్లి ఉంది, చెయ్యి ఇంకా మాస్కు ముందే ఉంది. మాస్కు తీశాడు. చెవి పక్కన కొస వెతుక్కుని లాగాడు. ముడి ఊడి పట్టీ మెడలోకి జారింది. దవడ అటూ ఇటూ కదిపి చూసుకున్నాడు, ఎక్కడా నొప్పి లేదు.

"అవ్వా, చాయ్ పెట్టినవా?" అన్నాడు.

మారెమ్మ లేవబోయి లేవలేక, అక్కడే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నలభై ఏళ్లలో ఆమె గదవ కట్టిన మనుషుల్లో ఆ మాట అడిగినవాడు వాడొక్కడే.